నొప్పి క్యారెక్టర్

తెల్లారి నాలుగున్నర.
కర్నూలు పెద్దాసుపత్రి, ఆడోళ్ల వార్డు.
కిటికీ తెరిస్తే హంద్రీ కంపు, మూస్తే ఫినాయిల్.
కేస్ షీట్లో ఒక్క గడి మిగిలింది.
సైటు రాసినా: నడుముకు ఎడమపక్క.
ఎన్నాళ్ల నుంచంటే "మూడు సుగ్గులాయె తల్లీ" అనింది,
త్రీ ఇయర్స్ అని రాసుకున్నా.
సుగ్గిలో మోసిన మిరపకాయ టిక్కీలు
ఆ రెండు మాటల్లో యాడా కనపడవు.

ఇంక క్యారెక్టర్ ఆఫ్ పెయిన్.
నొప్పికీ నడవడిక ఉంటాదని
ఈ చదువుకొచ్చినాకే తెలిసింది.
ఏడుకు రౌండ్సు. సారుకు ఒక్క మాట కావాల:
షార్పా, డల్లా, బర్నింగా, ప్రికింగా, త్రాబింగా.

ఉరుకుందమ్మ, కోసిగి పక్క పల్లె,
మంచం దొరక్క కింద చాప మీద
గోడకానుకోని కూచోనుంది.
"ఎట్లుంటాదమ్మా నొప్పి?"
"నొప్పి గాదు పాపా, తీపు."

తీపు.
స్వీట్ అని రాస్తే నన్ను మళ్లీ ఫస్టియరుకు పంపుతారు.

"పగలు తీపు. రాత్రి సలుపు.
వంగితే కలుక్కుమంటాది.
ఊరికె కూచుంటే లోపల ఎవరో
తడిగుడ్డ పిండినట్ల."
నేను పెన్ను పట్టుకోని
ఒక్కో మాట వెంటా పరిగెత్తి
ఒక్కోదాన్నీ జారవిడుచుకుంటాండా.

పక్క మంచం ఖాసింబీ నిద్రలోంచే అనింది,
"కొరుకుతాందని రాసెయ్, అయిపోతాది."
పుస్తకంలో ఉంది ఆ మాట, నాయింగ్,
కడుపులో పుండుకు వాడతారు.
ఉరుకుందమ్మ ఒప్పుకోల్యా.
"కుక్క కొరికితే పండ్ల గుర్తుంటాది గదక్కా,
దీనికేం గుర్తుంది?"

షార్ప్ అంటే కత్తికి పదును.
ఫస్టు బెంచీలో కూచునే భ్రమరాంబకు తెలివి.
డల్ అంటే మొద్దుబారిన కొడవలి,
మబ్బు పట్టిన పొద్దు,
ఇంకా, తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డులో
నా పేరు పక్కన ఎర్రసిరాతో సుజ్ఞానం సారు రాసింది.
మా నాయన నంద్యాల డిపోలో మెకానిక్కు.
ఆ మాట రెండుమార్లు కూడబలుక్కొని
బాగుందనుకోని
గ్రీజు వేళ్లతోనే సంతకం పెట్టినాడు.
ఆ మరక అట్లనే ఉండాది కార్డు మీద.

షార్పు నొప్పికి గొంతుంటాది.
అది కేకేస్తే వార్డంతా లేస్తాది,
స్ట్రెచరొస్తాది, సారు చెప్పులేసుకోకుండా వస్తాడు.
డల్లు నొప్పి
మూడేండ్లు పొద్దున్నే లేచి, సద్ది కట్టుకోని,
లారీ ఎక్కి, కూలికి పోయొస్తాది.
ఎవరూ దాన్ని అటెండెన్సు అడగరు.

"ఎంతుంటాదమ్మా? కొంచెమా, మోస్తరా, శానానా?"
మైల్డ్, మోడరేట్, సివియర్, మూడు గడులు.
శానాసేపు ఆలోచించి
"మోసేంత" అనింది.
నాలుగో గడి లేదు.

ఏడూ పదికి సారొచ్చినాడు.
"క్యారెక్టర్?"
నోట్లో తీపు ఉంది, సలుపు ఉంది,
తడిగుడ్డ ఉంది.
"డల్ ఏకింగ్, సర్."
"గుడ్. స్కాన్ రాయి."
రెండు నిముషాలు. పక్క మంచానికి పోయినాడు.

స్కానుకు ఒప్పుకోలు కాగితం కింద పెట్టినా.
"ఏం రాసినావ్ పాపా నా నొప్పిని?"
"డల్ అని."
"అట్లంటే?"
చెప్పబోయినా.
మొద్దు అనలేను.
మబ్బు అనలేను.
నర్సు ఇంకు ప్యాడు తెచ్చి పెట్టింది.

"మంచి మాటేలే" అనుకునిందో ఏమో
తనే వేలు అద్ది
గట్టిగా ఒత్తింది.
మిగిలిన సిరా
తలవెంట్రుకలకు తుడుచుకోని
ఏ పక్క పడుకోవల్లని అడిగింది.